ఒకే రాకెట్‌లో 104 ఉపగ్రహాలు వెళ్తే పైన గుద్దుకోవా?

"వంద ఉపగ్రహాలు ఒకే రాకెట్‌లో పంపితే, పైన వదిలేటప్పుడు ఒకదాన్నొకటి గుద్దుకోవా?" అని అడిగారు. 2017 ఫిబ్రవరి 15న సూళ్లూరుపేటలో మా పెద్దమ్మ కూడా నన్ను ఇదే అడిగింది. అప్పుడు నా దగ్గర జవాబు లేదు. తర్వాత పట్టుబట్టి తెలుసుకున్నాను.

ఆ రోజు ఉదయం 9:28కి శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్ నుంచి ఇస్రో రాకెట్ పీఎస్ఎల్‌వీ-సీ37 లేచింది. సూళ్లూరుపేట అప్పుడు మా నెల్లూరు జిల్లాలోనే ఉండేది, ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది. పెద్దమ్మ వాళ్ల మిద్దె మీద నిలబడి చూశాం. ముందు నిప్పు కనిపించింది. దాదాపు నిమిషం తర్వాత గానీ చప్పుడు రాలేదు, వచ్చాక కిటికీ తలుపులు గడగడలాడాయి. కాసేపటికి పొగ చార తప్ప ఏమీ మిగల్లేదు. పక్క మిద్దెల వాళ్లంతా దిగిపోయారు. మేం టీవీ ముందు కూర్చున్నాం. అసలు టెన్షన్ అక్కడే ఉంది.

17 నిమిషాలకు 714 కిలోల పెద్ద ఉపగ్రహం, కార్టోశాట్-2 శ్రేణిది, విడిపోయింది. దాని వెనక ఇస్రోవి రెండు చిన్నవి, ఆ తర్వాత విదేశాలవి 101. వాటిలో 88 అమెరికాలోని ప్లానెట్ కంపెనీవి, ఒక్కోటి ఐదు కిలోలు కూడా ఉండదు. అరగంట లోపే అన్నీ బయటపడ్డాయి.

గుద్దుకోవు, ఎందుకంటే అన్నిటినీ ఒకేసారి కుమ్మరించరు. రాకెట్ చివరి భాగమైన నాలుగో దశ దిశ మార్చుకుంటూ ఉంటే, పెట్టెల్లోని స్ప్రింగులు వాటిని కొన్ని సెకన్ల తేడాతో వేర్వేరు వైపులకు తోస్తాయి. సెకనుకు ఏడున్నర కిలోమీటర్ల వేగం అంటే భయమేస్తుంది. కానీ స్ప్రింగు తోపు చాలా చిన్నది, భూమి చుట్టూ మాత్రం అన్నీ ఒకే వైపు, దాదాపు ఒకే వేగంతో పోతుంటాయి. హైవే మీద ఒకే స్పీడులో వెళ్లే లారీలు గుద్దుకోవు కదా! సెకనుకు మీటరు పాటి తేడా ఉన్నా చాలు, రోజులు గడిచేకొద్దీ ఎడం పెరిగిపోతుంది.

నాకు బాగా నచ్చింది ప్లానెట్ వాళ్ల పద్ధతి. 500 కిలోమీటర్ల ఎత్తులోనూ పలుచగా గాలి ఉంటుంది. సోలార్ పలకల రెక్కలు ఆ గాలికి అడ్డం తిప్పితే ఉపగ్రహం కాస్త కిందికి దిగుతుంది, కిందికి దిగినది తొందరగా తిరిగి ముందుకెళ్తుంది. ఇంజిన్ లేకుండానే కక్ష్య అంతా అలా సర్దుకున్నాయి.

ఇబ్బంది ఇంకోచోట ఉంది. ఇది షేర్ ఆటో లాంటిది. మైపాడు ఆటో ఎక్కి కృష్ణపట్నంలో దించమంటే కుదరదు. పెద్ద ఉపగ్రహం ఏ కక్ష్యకు పోతే చిన్నవీ అక్కడికే. 2016 సెప్టెంబర్‌లో పీఎస్ఎల్‌వీ-సీ35 నాలుగో దశను మళ్లీ వెలిగించి రెండు కక్ష్యల్లో దించింది గానీ, ప్రతిసారీ అలా ఉండదు. బండి దారి తప్పితే అందరూ పోతారు. 2022 ఆగస్టులో ఇస్రో చిన్న రాకెట్ ఎస్ఎస్ఎల్‌వీ తొలి ప్రయోగం విఫలమైనప్పుడు, 750 మంది ఆడపిల్లలు కలిసి చేసిన ఆజాదీశాట్ అనే ఉపగ్రహం కూడా పోయింది. ఆ రోజు చాలా బాధపడ్డాను. 2023 ఫిబ్రవరిలో ఆజాదీశాట్-2 కక్ష్యలోకి చేరింది.

మీరు శ్రీహరికోటకు చూడటానికి వెళ్తే, పొగ చెదిరిపోగానే లేచి వచ్చేయకండి. ఆఖరి ఉపగ్రహం విడిపోయిందని చెప్పేదాకా కూర్చోండి.