మైన్‌టెస్ట్‌ను ఫోర్క్ చేసి తెలుగు పిల్లల ఆటగా విడుదల చేస్తే నష్టమేమిటి?

మైన్‌టెస్ట్ (2024 నుంచి దాని పేరు లువాంటి) దిమ్మెలతో లోకాలు కట్టుకునే ఆటలను నడిపే ఓపెన్ సోర్స్ ఇంజిన్, అంటే మూల ప్రోగ్రామ్. దాని కోడ్ తీసుకుని, తెలుగులో వేరే ఆటగా నడపాలని, అంటే ఫోర్క్ చేయాలని, మీ ఆలోచన. అచ్చంగా అదే పని పెట్టుకున్న ఒక చిన్న బృందంలో కొంతకాలం ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. లైసెన్స్ అడ్డు రాదు. ఇంజిన్ ఎల్‌జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్స్ కింద ఉంది, షరతులు పాటిస్తే చాలు. ఫోర్క్ చేయడం క్షణాల్లో పని. దాన్ని సాకడమే కష్టం.

మాకు చిక్కు అక్షరాల దగ్గర మొదలైంది. మేము తీసుకున్న వెర్షన్ అక్షరాలను వరసగా పక్కపక్కన పేర్చేది, అంతే. ‘పద్మ’ అని టైపు చేస్తే ద కింద మ ఒత్తు చేరదు. పొల్లుతో ద, దాని పక్కన నిండు మ. ఒత్తులూ గుణింతాలూ సరిగ్గా కూర్చే హార్ఫ్‌బజ్ లైబ్రరీని ఇంజిన్‌కు తగిలించాం. ‘స్త్రీ’ తెర మీద మొదటిసారి సవ్యంగా కనిపించినప్పుడు అందరం ఎగిరి గంతేశాం. ఆ తర్వాతే అసలు బెడద. మాతృ ప్రాజెక్టులో, అంటే అసలు మైన్‌టెస్ట్‌లో, ఎవరు ఫాంట్ కోడ్‌ను ముట్టుకున్నా, ఆ మార్పులను మా కోడ్‌లో కలిపేటప్పుడు (మెర్జ్) రెండూ ఢీకొని కాన్‌ఫ్లిక్ట్ వచ్చేది. దాన్ని విప్పి కంపైల్ చేస్తే ఆట నడిచేది, చాట్ పెట్టెలో కర్సర్ మాత్రం అక్షరం నడిమధ్యన నిలబడేది. పోనీ మెర్జ్ వాయిదా వేద్దామంటే భద్రతా లోపాల సవరణలు కూడా మనకు అందవు. ఆటలో కొత్తగా ఏదైనా చేయాల్సిన సెలవులన్నీ ఈ అతుకులకే ఖర్చయ్యేవి.

ఇంతకంటే పెద్ద దెబ్బ ఆటగాళ్ల విషయంలో. 2019లో మైన్‌టెస్ట్ 5.0 వెర్షన్ వచ్చాక పాత 0.4 క్లయింట్లతో (ఆటగాళ్ల కంప్యూటర్లలోని ప్రోగ్రామ్‌తో) కొత్త సర్వర్లలో చేరడం కుదరలేదు. మీ ఫోర్క్ వెనకబడితే మీ వాళ్లూ ఇలాగే విడిగా మిగిలిపోతారు. సర్వర్‌లోకి వచ్చి చూస్తే ఒక్కరూ లేకపోతే పిల్లలు మళ్లీ ఎందుకు వస్తారు? వాక్సెల్యాండ్స్ అనే ఆట మైన్‌టెస్ట్ నుంచి ఇలా తొలినాళ్లలోనే విడిపోయింది. మైన్‌టెస్ట్ కోసం జనం లువా అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన మోడ్‌లు (ఆటకు తగిలించే అదనపు భాగాలు) దానికి పనికిరాలేదు, తర్వాత దాని అభివృద్ధే నిలిచిపోయింది.

నిజానికి మీరు కోరుకునే వాటిలో చాలా భాగానికి ఇంజిన్‌ను కదిలించనక్కరలేదు. పెంకుటిళ్లు, ఎడ్లబండ్లు, గాలిపటాలు, అన్నీ లువాలో రాయవచ్చు. ఆటలు, మోడ్‌లు పంచుకునే కంటెంట్‌డీబీలో పెడితే ఆటగాళ్లు మెనూలోంచే దించుకుంటారు. అయితే వేరేవాళ్ల బొమ్మలు, శబ్దాలు వాడితే ఒక్కొక్కదాని లైసెన్స్ విడిగా చూడండి. కోడ్ లైసెన్సే వాటికీ వర్తిస్తుందనుకోవద్దు.

ఫోర్క్‌లన్నీ మునిగిపోతాయని అనను. 2010లో నెక్సుయిజ్ అనే షూటింగ్ ఆట పేరు వాడుకునే హక్కు ఇల్‌ఫానిక్ సంస్థకు వెళ్లినప్పుడు, ఆ ఆటను నిలబెట్టినవాళ్లలో చాలామంది బయటికి వచ్చి జొనోటిక్ అనే ఫోర్క్ మొదలుపెట్టారు. పాత పేరు వదులుకున్నారు కానీ ఆటగాళ్లు కూడా వెంట వచ్చారు. మీ వెంట వచ్చేది ఎవరో ముందు చూసుకోండి.

ఇంజిన్‌లో మీకు అడ్డొస్తున్నది తెలుగు అక్షరాలు ఒక్కటే అయితే, ముందు మాతృ ప్రాజెక్టులో ఇష్యూ తెరిచి (సమస్యను నమోదు చేసి) ప్యాచ్, అంటే మీ సవరణ కోడ్, అక్కడికే పంపండి. హిందీ, తమిళం, బెంగాలీ వాళ్లదీ ఇదే అవసరం. పరీక్షించేవాళ్లు అక్కడే దొరుకుతారు, సమీక్ష నెలలు పట్టినా సరే.