ఎల్క్ వేటకు వెళ్తున్నారా? ముందు బైనాక్యులర్స్ చూసుకోండి

అమెరికాలో కొలరాడో రాష్ట్రంలోని డెన్వర్ వచ్చి ఏడాదైన ఒక తమ్ముడు మొన్న ఫోన్ చేశాడు. "అన్నా, ఆఫీసువాళ్ళు అక్టోబరులో ఎల్క్ (పెద్ద జాతి దుప్పి) వేటకు రమ్మంటున్నారు. రైఫిల్ స్కోప్ (తుపాకీ మీద బిగించే దుర్భిణి) మీద ఎంత పెట్టొచ్చు?"

స్కోప్ సంగతి తర్వాత, ముందు వీసా సంగతి. హెచ్-1బి లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద ఉన్నవాళ్ళ దగ్గర తుపాకీ ఉండటం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. రాష్ట్రం ఇచ్చిన హంటింగ్ లైసెన్స్ చెల్లుబాటులో ఉంటే మినహాయింపు ఉంది. కొలరాడోలో ఆ లైసెన్స్ కావాలంటే హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పూర్తిచేయాలి. లైసెన్స్ చేతికి రాకముందు స్నేహితుడి తుపాకీ కూడా ముట్టుకోవద్దు. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి, మొహమాటపడొద్దు.

ఇక డబ్బు విషయం. ఉన్నదాంట్లో పెద్ద వాటా బైనాక్యులర్స్‌కే పెట్టండి. వేటలో రోజంతా చేసేది వెతకడమే. మొదటిసారి నేను జేబులో పట్టే 10×25 తీసుకెళ్ళాను. తెల్లవారకముందు ఎదుటి కొండవాలు మీద నాకు మొద్దులు, నీడలు తప్ప ఏమీ కనపడలేదు. పక్కనున్న పెద్దాయన తన 10×42 నా చేతికిచ్చాడు. అదే చోట, ఆస్పెన్ చెట్ల మధ్య, మొద్దు అనుకున్నదానికి చెవి కదిలింది. దాని వెనక లేత రంగు పిరుదు, పక్కన ఇంకోటి. మొత్తం ఐదు ఆడ ఎల్క్‌లు.

తేడా ఎక్కడుందంటే, మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందు అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి అందే వెలుగు వెడల్పు వస్తుంది. 10×25కి 2.5 మి.మీ., 10×42కి 4.2. మసక చీకట్లో మన కంటిపాప 5 నుంచి 7 మి.మీ. దాకా విచ్చుకుంటుంది, సన్నటి వెలుగు దానికి చాలదు. ఎల్క్‌లు పచ్చిక మీదకు వచ్చేది సరిగ్గా ఆ మసక వేళే, ఎండ ఎక్కితే దట్టమైన చెట్లలోకి వెళ్ళిపోతాయి. చట్టం కూడా సూర్యోదయానికి అరగంట ముందు నుంచి సూర్యాస్తమయం తర్వాత అరగంట దాకా వేటాడనిస్తుంది. ఆ రెండు అరగంటల కోసమే మంచి అద్దాలు.

300 నుంచి 500 డాలర్లలో మంచి 10×42 దొరుకుతుంది. చేయి వణికేవాళ్ళకు 8×42 ఇంకా హాయి. కళ్ళజోడు ఉంటే ఐ రిలీఫ్ (కంటికీ అద్దానికీ మధ్య ఉండగల దూరం) 15 మి.మీ.కు తగ్గకుండా చూసుకోండి, లేకపోతే చుట్టూ నల్లటి వలయం కనిపిస్తుంది. వోర్టెక్స్ కంపెనీ వారంటీ చేతులు మారినా చెల్లుతుంది, సెకండ్ హ్యాండ్ తీసుకున్నా భయం లేదు. మిగిలిన డబ్బుతో తేలికపాటి ట్రైపాడ్, దానికి బైనాక్యులర్స్ బిగించే అడాప్టర్ కొనండి. కదలకుండా నిలిచిన అద్దంలో కనపడేది చేత్తో పట్టుకుంటే కనపడదు.

కొలరాడోలో చాలాచోట్ల మగ ఎల్క్‌కు ఒక కొమ్ముకైనా నాలుగు మొనలుండాలి, లేదా కంటి పైనుండే మొన 5 అంగుళాలైనా ఉండాలి. మొనలు లెక్కపెట్టకుండా కాల్చకూడదు. ఆ లెక్క కూడా బైనాక్యులర్స్‌తోనే. రైఫిల్ స్కోప్‌లోంచి ఎప్పుడూ వెతకొద్దు. అటు కదిలింది మనిషైతే తుపాకీ గొట్టం అతని మీదే ఉన్నట్టు.

స్కోప్ అంటారా, 3 నుంచి 9 రెట్ల దాకా మార్చుకోగలిగే మామూలు 3-9×40 చాలు. స్పాటింగ్ స్కోప్ (ఒంటి కన్నుతో చూసే పెద్ద దుర్భిణి) మొదటి ఏడాది వద్దు, మోయలేక అలసిపోతారు.

కొనేముందు సెప్టెంబరు చివర్లో ఒక సాయంత్రం ఎస్టెస్ పార్క్ ఊరు దాటి మొరైన్ పార్క్ మైదానానికి వెళ్ళండి. అది నేషనల్ పార్క్, వేట ఉండదు, ఎల్క్‌లు మందలుగా వస్తాయి. స్నేహితుల దగ్గర రెండు మూడు రకాల బైనాక్యులర్స్ అడిగి పట్టుకెళ్ళండి. పొద్దుగూకాక ఒక్కొక్కటీ మార్చి మార్చి చూడండి. ఏ దాంట్లో కొమ్ముల మొనలు చివరిదాకా లెక్కకు అందుతాయో అలాంటిదే కొనుక్కోండి.