కొత్తగా క్లినిక్ పెడుతున్న మేనకోడలికి

చిరంజీవి అమ్మాయికి మామయ్య ఆశీస్సులు.

సొంత క్లినిక్ పెడుతున్నావని తెలిసి చాలా సంతోషించాను. "వైద్యానికి భయం లేదు మామయ్యా, లెక్కలంటేనే టెన్షన్. మంచి మేనేజర్‌కి అప్పగించేస్తే సరిపోతుందా?" అని అడిగావు. మేనేజర్‌ని పెట్టుకో, అకౌంటెంట్‌నీ పెట్టుకో. రోజు లెక్క మాత్రం రోజూ నువ్వే చూసుకో. చేతిలో మంచి వైద్యం ఉండి కూడా, డబ్బు ఎటు పోతోందో తెలియక అప్పులపాలైన డాక్టర్లను చూశాను. ఆ గతి నీకు పట్టకూడదు.

సాయంత్రం తలుపులు వేసే ముందు మూడింటిని పక్కపక్కన పెట్టుకో: ఆ రోజు వచ్చిన పేషెంట్ల జాబితా, ఇచ్చిన రసీదులు, వచ్చిన డబ్బు. జాబితాలో 32 మంది ఉంటే 32 మందికీ ఏదో ఒక కాగితం ఉండాలి. డబ్బు కట్టినవాళ్లకు రసీదు, ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు క్లెయిమ్, నువ్వు ఉచితంగా చూసినవాళ్లకు సున్నా వేసి నువ్వు సంతకం పెట్టిన రసీదు. ఈ సున్నా రసీదు దగ్గర బద్ధకించకు. "డాక్టరు గారు తీసుకోవద్దన్నారు" అని నోటిమాటగా వదిలేస్తే, నువ్వు నిజంగా వద్దన్నవి ఏవో, కౌంటర్ దగ్గర మాయమైనవి ఏవో నెల తిరిగాక ఎవరూ తేల్చలేరు. రసీదు నంబర్లు వరసగా ఉండాలి. తప్పు పడిన రసీదును చింపేయనివ్వకు, అడ్డంగా గీత కొట్టి పుస్తకంలోనే ఉంచమను. కార్డు మీద కట్టిన డబ్బు బ్యాంకులో పడటానికి ఒకటి రెండు రోజులు పట్టవచ్చు కాబట్టి దాన్ని విడిగా రాసుకుని, పడ్డాక టిక్కు పెట్టుకో. అలవాటైతే ఇదంతా పావుగంట పని.

డబ్బు తీసుకునేవాళ్లు, రీఫండ్ ఇచ్చేవాళ్లు, బ్యాంకులో కట్టేవాళ్లు ఒక్కరే కాకుండా చూసుకో. మొదట్లో అంతమందిని పెట్టుకోలేవు, నిజమే. అప్పుడు రీఫండ్‌లన్నీ నీ సంతకంతోనే జరగాలి, బ్యాంకు స్టేట్‌మెంట్ నేరుగా నీకే రావాలి. ఏడాదికోసారి కౌంటర్‌లో మనిషిని వారం పాటు సెలవు మీద పంపి ఆ పని ఇంకొకరితో చేయించు. ఇది వాళ్లను అనుమానించడం అనుకోకు. లెక్క తేటగా ఉన్నచోట నిజాయితీగా పనిచేసేవాళ్ల మీద నింద పడదు.

ఇన్సూరెన్స్ క్లెయిములు వైద్యం కంటే ఎక్కువ ఓపిక అడుగుతాయి. వెనక్కి వచ్చేవాటిలో చాలావాటి కారణాలు చిన్నవే: పేరులో అక్షరం తేడా, పాలసీ నంబర్ తప్పు, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ముందస్తు అనుమతి తీసుకోకపోవడం, రాసిన జబ్బు కోడ్‌కీ చేసిన చికిత్సకీ పొంతన లేకపోవడం. వీటిలో మొదటి మూడూ పేషెంటు లోపలికి రాకముందే కౌంటర్ దగ్గర సరిచూడగలిగినవి. నాలుగోది నీ చేతిలో ఉంది: కేస్ షీట్ అదే రోజు పూర్తిగా రాయి. రావలసిన బకాయిలను 30 రోజుల లోపువి, 60 లోపువి, 90 లోపువి, అది కూడా దాటినవి అని విడదీసి వారానికోసారి చూడు. పాతబడేకొద్దీ బకాయి వసూలు కష్టమవుతుంది. పైగా క్లెయిమ్ పంపడానికీ, తిరస్కరిస్తే అప్పీలు చేయడానికీ గడువులుంటాయి.

ఇక స్కానింగ్ మెషీన్ సంగతి. కంపెనీవాళ్లు నెల వాయిదా ఒక్కటే చూపిస్తారు. దానికి మెయింటెనెన్స్ కాంట్రాక్టు, ఆపరేటర్ జీతం, అది ఆక్రమించే గది అద్దె కలుపు. ఆ మొత్తాన్ని, ఒక్కో పరీక్ష మీద దాని సొంత ఖర్చు పోను మిగిలే డబ్బుతో భాగించు. నెలకు 150 పరీక్షలని తేలిందనుకో, 25 పనిదినాలకు రోజుకు 6. క్లినిక్ కొన్నాళ్లు నడిచాక నీ కేస్ షీట్లు తీసి, నిజంగా ఆ పరీక్ష అవసరమైనవాళ్లు రోజుకు ఎందరున్నారో లెక్కపెట్టు. ఇద్దరే ఉంటే కొనకు, బయటికి పంపించు. నాకు నష్టం కంటే పెద్ద భయం ఇంకొకటుంది. మెషీన్ ఖాళీగా ఉండి వాయిదా తేదీ దగ్గరపడితే, ఎంత మంచి డాక్టరుకైనా అక్కర్లేని పరీక్ష రాయాలనిపిస్తుంది. ఆ పరిస్థితి నీకు రానివ్వకు.

మందుల స్టాక్‌లో గడువు ముందు ముగిసేది ముందు వాడాలి. టీకాల ఫ్రిజ్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి, రోజుకు రెండుసార్లు చూసి రాయించు. కొన్ని టీకాలు గడ్డకట్టినా పనికిరావు.

ఫీజు విషయంలో మొహమాటపడకు. ఎంతవుతుందో చికిత్సకు ముందే చెప్పించు. బిల్లు చూశాక తెలిస్తే ఎవరికైనా బాధే. బాకీ అడగాల్సి వస్తే పదిమంది ముందు అడగనివ్వకు, పంపే మెసేజ్‌లో జబ్బు పేరు రానివ్వకు.

క్లినిక్ ఖాతా వేరు, నీ ఇంటి ఖాతా వేరు. నెలకింత అని జీతం తీసుకో, పన్ను డబ్బు ఎప్పటికప్పుడు పక్కన పెట్టు. మూడు నెలల ఖర్చులకు సరిపడా చేతిలో ఉండేదాకా గదుల అలంకరణ జోలికి వెళ్లకు.

నీ స్నేహితురాలితో భాగస్వామ్యం గురించి కూడా రాశావు. ఎవరు ఎంత పెడతారు, ఎవరు ఎన్ని గంటలు చూస్తారు, రాబడి ఎలా పంచుకుంటారు, ఒకరు బయటికి వెళ్తే వాళ్ల వాటా విలువ ఎలా కడతారు, పేషెంట్ల రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయి... ఇవన్నీ ఇద్దరూ స్నేహంగా ఉన్న ఈ రోజుల్లోనే కాగితం మీద పెట్టి, వకీలుకి చూపించండి. ఆ ముసాయిదా నాకూ పంపు, చదివి చెబుతాను. సంతకాలు అయ్యేదాకా అడ్వాన్స్ ఏదీ కట్టకు.

ఆశీస్సులతో,
మామయ్య