డోసు పెంచేముందు పొద్దుటి కాఫీ సంగతి చూడండి

మీ అమ్మగారికి థైరాయిడ్ గ్రంథి మొత్తం తీసేశారు, బరువు 62 కిలోలు, ఆ గ్రంథి చేసే థైరాక్సిన్‌కి బదులుగా థైరోనార్మ్ 100 మైక్రోగ్రాముల మాత్ర వాడుతున్నారు, రెండు నెలలకి టీఎస్‌హెచ్ (ఒంట్లో థైరాక్సిన్ చాలకపోతే పెరిగే హార్మోను) 9 వచ్చింది, బ్రాండ్ మార్చాలా డోసు పెంచాలా అని అడిగారు. నన్నడిగితే ముందు ఈ రెండూ కాదు. గ్రంథి లేనివాళ్ళకి కిలోకి సుమారు 1.6 మైక్రోగ్రాముల చొప్పున ఇస్తారు. 62 కిలోలకి 99 వస్తుంది కాబట్టి 100 సరైన మాత్రే. అది ఒంటికి పూర్తిగా అందుతోందా అన్నదే చూడాలి.

చెన్నైలో మన ఇళ్ళల్లో తెల్లవారుతూనే డికాషన్ దిగుతుంది. మాత్ర మింగిన ఐదు నిమిషాలకే కాఫీ గ్లాసు చేతికొస్తుంది. కాఫీ ఈ మందుని పేగులోంచి రక్తంలోకి సరిగా వెళ్ళనివ్వదు, పైగా అందులో పాలు. పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు మంచినీళ్ళతో మాత్ర వేసుకుని, కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి.

అంతకన్నా పెద్ద దొంగ కాల్షియం మాత్ర. థైరాయిడ్ వెనకాల, రక్తంలో కాల్షియం తగ్గకుండా చూసే నాలుగు చిన్న పారాథైరాయిడ్ గ్రంథులుంటాయి. ఆపరేషన్‌లో వాటికి రక్తం సరిగా అందక కొన్నాళ్ళు మందగిస్తాయి, అందుకే షెల్కాల్ లాంటి కాల్షియం మాత్రలు రాస్తారు. డిశ్చార్జ్ కాగితంలో థైరాక్సిన్ ఎదురుగా 1-0-0 (పొద్దున ఒకటి), కాల్షియం ఎదురుగా 1-0-1 (పొద్దున ఒకటి, రాత్రి ఒకటి) అని ఉంటుంది. ఎంత ఎడం ఉంచాలో ఆ కాగితంలో చాలాసార్లు ఉండదు, చెప్పే తీరికా ఎవరికీ ఉండదు. ఆవిడ రెండూ కలిపి ఒకే గుక్కలో మింగేస్తారు. కడుపులో కాల్షియం థైరాక్సిన్‌ని పట్టేసుకుంటుంది, కొంత మందు వృథా. ఇంత చిన్న మాట రాయకపోవడం నాకు చాలా కోపం తెప్పించే విషయం.

నాలుగు గంటల ఎడం కావాలి. ఐదింటికి థైరాక్సిన్, ఆరింటికి కాఫీ, తొమ్మిదింటికి టిఫిన్‌తో కాల్షియం, రాత్రి భోజనంతో రెండోది. షెల్కాల్‌లో ఉండే కాల్షియం కార్బొనేట్ తిండితోనే ఒంటికి బాగా అందుతుంది కూడా. ఐరన్ మాత్రకీ ఇదే ఎడం. థైరాక్సిన్‌ని పడుకునేముందు, తిన్న మూడు గంటల తర్వాత వేసుకునే పద్ధతీ ఉంది గానీ, రాత్రి కాల్షియం ఉన్నన్నాళ్ళు అది కుదరదు. ఈ గొడవంతా ఎందుకని కాల్షియం మాత్రం మానేయించకండి. వేళ్ళు, పెదాల చుట్టూ తిమ్మిరి వస్తే రక్తంలో కాల్షియం తగ్గిందని అర్థం, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

మెడికల్ షాపులో అడక్కుండానే ఇచ్చే గ్యాస్ మాత్ర, పాంటోప్రజోల్, రోజూ వాడుతున్నారేమో చూడండి. కడుపులో ఆమ్లం తగ్గితే థైరాక్సిన్ సరిగా కరగదు.

బ్రాండ్ ఏదైనా ఫరవాలేదు, ఒకదానికే కట్టుబడాలి. షాపువాడు "అదే మందు, కంపెనీ వేరు" అని మార్చి ఇస్తే ఆరు వారాలకి మళ్ళీ పరీక్ష చేయించాల్సి వస్తుంది. సీసాలోంచి డబ్బాలోకి మార్చకండి, పొయ్యి పక్క అలమరలో పెట్టకండి. చెన్నై ఉక్కకి, తేమకి ఈ మాత్ర పాడవుతుంది.

ఈ వేళలన్నీ డాక్టరుకి చెప్పి, సరిచేశాక ఆరు నుంచి ఎనిమిది వారాలకి మళ్ళీ టీఎస్‌హెచ్ చూడమనండి. ఒంట్లో ఈ మందు సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, కాబట్టి రెండు వారాలకే చేయించే పరీక్ష డబ్బు దండగ. అప్పటికీ ఎక్కువే ఉంటే డాక్టరు 12.5 లేదా 25 పెంచుతారు, అంటే 112 గానీ 125 గానీ. ఈలోగా ఒళ్ళు ఉబ్బడం, విపరీతమైన మగత ఉంటే ఆగకుండా చూపించండి.

గ్రంథి ఎందుకు తీశారో మీరు రాయలేదు. మామూలు గడ్డ అయితే టీఎస్‌హెచ్ 0.5కీ 4కీ మధ్య చాలు. క్యాన్సర్ అయితే ల్యాబ్ కాగితం మీది నార్మల్ అంకెలు పనికిరావు. ముప్పు తక్కువైతే 0.5 నుంచి 2, బాగా ఎక్కువైతే 0.1 కన్నా కిందికి తెస్తారు. అంత తగ్గిస్తే గుండె లయ తప్పవచ్చు, ముట్లుడిగినవాళ్ళకి ఎముకలు పలచబడవచ్చు. అందుకే బయాప్సీ రిపోర్టు ముందు పెట్టుకుని, ఆవిడకి ఎంత ఉండాలో డాక్టరుని అంకెల్లో అడిగి రాయించుకోండి.

పరీక్ష రోజు రక్తం ఇచ్చాకే మాత్ర వేసుకోవాలి. జుట్టు కోసం బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. లేకపోతే చాలా ల్యాబుల్లో టీఎస్‌హెచ్ ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది, అది చూసి ఉన్న డోసు కూడా తగ్గించేస్తారు.