ముంపు ఊరు, పాత టోపో షీటు

ప్రశ్న: కృష్ణ ఒడ్డున ఉన్న మా తాతగారి ఊరు శ్రీశైలం ప్రాజెక్టు ముంపులో పోయింది. అంతకు ముందునాటి, మైలుకు అంగుళం చొప్పున గీసిన టోపో షీటు (నేల ఎత్తుపల్లాలు చూపే సర్వే పటం) నకలు ఈమధ్య దొరికింది. ఊరు ఎంతమేర మునిగిందో, మా పొలం ఎక్కడ ఉండేదో దీనిలో తెలుస్తుందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: మొదటిది తెలుస్తుంది, రెండవదానికి వేరే కాగితాలు కావాలి.

ముందుగా షీటు సంఖ్య చూడండి. సర్వే ఆఫ్ ఇండియా లెక్కలో కర్నూలు పట్టణం 57 ఐ కిందకు వస్తుంది, 16 డిగ్రీల ఉత్తర అక్షాంశం దాటితే అది 56 ఎల్ అవుతుంది. ఆ రేఖ మీ నదీ ప్రాంతం మీదుగానే పోతుంది కనుక ఊరు ఒక షీటులో, దాని పొలాలు మరొక షీటులో పడి ఉండవచ్చు.

శ్రీశైలం జలాశయం పూర్తి నీటిమట్టం సముద్రమట్టం నుంచి 885 అడుగులు. ఇలాంటి పటాలలో ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు కాంటూరు గీతలు సాధారణంగా 50 అడుగులకొకటి ఉంటాయి కాబట్టి, 850, 900 అడుగుల గీతలను వెతికి, వాటి నడుమ 900కు దగ్గరగా పెన్సిలుతో ఒక గీత గీయండి. నిండు జలాశయపు ఒడ్డు ఉజ్జాయింపుగా అదే. ఆ గీత వాగుల వెంట ఎంత లోపలికి పోతుందో గమనిస్తే, ఏటికి దూరంగా ఉన్న ఊళ్లను కూడా ఎందుకు ఖాళీ చేయించారో అర్థమవుతుంది. ఏటా నీరు నిండినప్పుడు మునిగే సంగమేశ్వరం గుడి వేసవిలో నీరు తగ్గాక బయటపడేది కూడా ఈ ఎత్తుల తేడా వల్లనే.

నన్నడిగితే ఈ పటంలో అన్నిటికంటే విలువైనది రేవు. బండిబాట ఒకటి ఏటి ఒడ్డుదాకా వచ్చి ఆగి, అవతలి గట్టున మళ్లీ మొదలవుతుంటే, అక్కడ పుట్టి ఆడేదనో, వేసవిలో నడిచి దాటేవారనో అనుకోవచ్చు. అవతలి మహబూబ్‌నగర్ వైపు ఊళ్లతో మీవాళ్లకు సంతలూ, వియ్యాలూ సాగి ఉంటే అవి సాగింది ఆ బాటమీదనే. ఇంట్లో పెద్దవాళ్లుంటే షీటు వారి ముందు పరచి ఆ బాట సంగతి తప్పక అడగండి.

ఇక పొలం సంగతి. నేలను 63,360 రెట్లు కుదించిన ఈ పటంలో ఎకరం చెక్క పక్కకు ఒక మిల్లీమీటరే; పైగా సర్వే నంబర్లు ఇందులో ఉండవు. అందుకు రెవెన్యూవారి గ్రామ పటం, ఎఫ్‌ఎంబీ (పొలాల కొలతల పుస్తకం) చూడాలి. ప్రాజెక్టు కోసం భూమి తీసుకున్నప్పటి అవార్డులో (పరిహారం నిర్ణయించిన ఉత్తర్వులో) సర్వే నంబరు, విస్తీర్ణం ఉంటాయి కనుక, ముందు దాని నకలుకు దరఖాస్తు చేసుకుంటే తక్కిన పని సులువవుతుంది.