తలుపు బీడింగ్ ఊడిందా? లాగే ముందు ఒకసారి ఇది చదవండి

ప్రశ్న: మా కారుకి 16 ఏళ్లు. ఇంజిన్ బాగుంది, లోపల సీట్లు కూడా శుభ్రంగానే ఉన్నాయి. తలుపులు బయటి నుంచి చూస్తేనే ప్రాణం ఉసూరుమంటోంది. అద్దం కింద ఉండే నల్ల రబ్బరు పట్టీ బీటలు వారిపోయింది, వేలితో నొక్కితే ముక్కలు రాలుతున్నాయి, వెనక చివర పైకి లేచిపోయింది కూడా. తలుపు మధ్యలో అడ్డంగా ఉండే బీడింగ్ ఒక పక్క ఊడి వేలాడుతోంది, మూడుసార్లు సూపర్ గ్లూ పెట్టినా నెల తిరక్కుండా మళ్లీ ఊడుతోంది. ఈ మధ్య వాన పడిన మర్నాడు బ్రేక్ వేస్తే తలుపు లోపల నీళ్లు గలగలమంటున్నాయి. అన్నీ మార్చాలా? నేనే చేసుకోవచ్చా, లేక మెకానిక్‌కి ఇవ్వాలా అండీ?

జవాబు: ఆ నీళ్ల సంగతి మీరు చివర్లో రాశారు గానీ, ముందు చూడాల్సింది అదే. మిగతావి నెల ఆగినా ఏమీ కాదు, అది మాత్రం ఈ రోజే చూడండి.

తలుపులోకి నీళ్లు పోవడం తప్పేమీ కాదు, కొత్త కారులో కూడా అద్దం వెంబడి కొన్ని నీళ్లు లోపలికి దిగుతాయి. అందుకే తలుపు కింది అంచులో చిన్న చిన్న రంధ్రాలు పెడతారు, దిగిన నీళ్లు అటే బయటికి పోతాయి. పై పట్టీ పాడైతే నీళ్లతో పాటు దుమ్ము, ఆకుల పొడి, రాలిన రబ్బరు ముక్కలు కూడా లోపలికి పోయి ఆ రంధ్రాలకు అడ్డం పడతాయి. అప్పుడు నీళ్లు అక్కడే నిలిచి తలుపు అడుగు రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది, రంగు మీద బుడగలు కనబడేసరికి లోపల చాలా తినేసి ఉంటుంది. తలుపు తెరిచి కింది అంచు మీద వేలు పెట్టి తడిమితే రంధ్రాలు తెలుస్తాయి. వైర్లు కట్టే ప్లాస్టిక్ టై ఒకటి తీసుకుని దాని కొస లోపలికి పెట్టి నాలుగుసార్లు కదపండి. ముందు నల్లటి బురద ముద్ద జారుతుంది, ఆ వెంటనే మట్టినీళ్లు ధారగా కారతాయి. ఇనప తీగ మాత్రం వాడొద్దు, లోపల రంగు గీరుకుపోతే మళ్లీ తుప్పుకి మనమే దారి ఇచ్చినట్టు.

ఇక రబ్బరు పట్టీ. బీటలు వారి గట్టిపడ్డాక దానికి మరమ్మతు లేదు, మార్చాల్సిందే. ఎండకీ వేడికీ దాన్ని మెత్తగా ఉంచే పదార్థాలు ఏళ్ల తరబడి బయటికి పోతాయి, దాంతో అది కుంచించుకుపోతుంది, మీ పట్టీ చివర లేచింది అందుకే కావచ్చు. పైన ఏ పాలిష్ రాసినా కొన్నాళ్లు నల్లగా కనబడుతుంది తప్ప మెత్తదనం తిరిగి రాదు. ఇంకో సంగతి, అద్దానికి తగిలే వైపు దీనికి మెత్తటి నూగు ఉంటుంది. అది అరిగిపోయి అక్కడ ఇసుక రేణువులు చేరితే అద్దం దించి ఎక్కించిన ప్రతిసారీ నిలువు గీతలు పడతాయి. పట్టీని ఎప్పుడైనా మార్చుకోవచ్చు, అద్దం మీద లోతుగా పడ్డ గీత మాత్రం పోదు.

తీయడం మీరే చేసుకోవచ్చు, కాకపోతే తొందర పనికిరాదు. చాలా ఏళ్ల క్రితం నా పాత కారుకి ఇదే పని చేస్తూ స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తాను. గోరంత రంగు లేచింది, ఏముందిలే అని వదిలేశాను. తర్వాతి వానాకాలం వెళ్లేసరికి అక్కడ రూపాయి బిళ్లంత తుప్పు. అందుకే చెబుతున్నాను, ముందు తలుపు అంచు పొడవునా మాస్కింగ్ టేప్ రెండు మూడు పొరలు వేయండి. ఇలాంటి పట్టీలు ఎత్తడానికి ప్లాస్టిక్‌తో చేసిన ట్రిమ్ టూల్ వాడండి. కారు కాసేపు ఎండలో ఉన్నాక మొదలుపెడితే ప్లాస్టిక్ కాస్త మెత్తబడి విరక్కుండా వస్తుంది. అద్దం పూర్తిగా దించి, తలుపు తెరిచి, పట్టీ చివర ఎక్కడైనా స్క్రూ ఉందేమో చూడండి. చాలా కార్లలో తలుపు పక్క అంచున ఒకటి దాక్కుని ఉంటుంది, కొన్నింటికి సైడ్ మిర్రర్ కూడా విప్పాలి. స్క్రూ తీశాక ఆ చివర నుంచే క్లిప్పు తర్వాత క్లిప్పు, కొద్దికొద్దిగా ఎత్తుకుంటూ రండి. మధ్యలో పట్టుకుని లాగితే లోపల ఉండే సన్నటి రేకు మడత పడుతుంది. ఎలాగూ పారేసేదే కదా అనుకోకండి, మడతపడ్డ రేకు అంచు తలుపు రంగుని గీకేస్తుంది.

కొత్తది కొనేటప్పుడు కారు పేరు, సంవత్సరం చెబితే సరిపోదు. ఒకే మోడల్‌లో మధ్యలో మార్పులు వస్తుంటాయి, అందుకని 17 అక్షరాలూ అంకెలూ ఉండే ఛాసిస్ నంబర్ ఇచ్చి అడగండి. ఎడమా కుడా, ముందా వెనకా కూడా చెప్పాలి. పాతదాని వెనక వైపు పార్ట్ నంబర్ అచ్చు వేసి ఉంటే అంతకన్నా నమ్మకమైన ఆధారం లేదు. క్లిప్పులు కూడా కలిపే తెప్పించుకోండి, ఇన్నేళ్ల క్లిప్పులు సగం విరక్కుండా బయటికి రావు. తుక్కు కార్ల నుంచి తీసిన పట్టీ తీసుకోమని ఎవరైనా చెబితే నేనైతే వద్దంటాను. అదీ మీ దానిలాగే ఏళ్ల తరబడి ఎండిందే కదా.

పాతది తీశాక కొత్తది వెంటనే నొక్కేయకండి. కింద రేకు అంచుని తుడిచి, క్లిప్పులు కూర్చునే చోట్లు ఒక్కొక్కటీ చూడండి. తుప్పు చుక్క కనబడితే శాండ్ పేపర్‌తో మెరిసే రేకు కనబడేదాకా రుద్ది, ప్రైమర్, ఆపైన టచప్ పెయింట్ వేసి బాగా ఆరనివ్వండి. ఈ పని మళ్లీ చేసే అవకాశం మరో పదేళ్లకు గానీ రాదు. తర్వాత కొత్త పట్టీని ఒక చివర సరిచూసి పెట్టి, అరచేత్తో నొక్కుకుంటూ రండి, క్లిప్పు కూర్చున్నప్పుడల్లా టక్ మని వినిపిస్తుంది. సుత్తి జోలికి పోవద్దు.

ఇక మీ బీడింగ్. సూపర్ గ్లూ ఆరాక గాజులా పెళుసుగా అవుతుంది. తలుపు రేకు ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది, బీడింగ్ ప్లాస్టిక్ ఇంకో లెక్కలో సాగుతుంది, పైగా తలుపు వేసిన ప్రతిసారీ అదురు. మధ్యలో అతుకు కూడా కొంచెం సాగాలి, అందుకే కంపెనీవాళ్లు అక్కడ ఫోమ్ ఉండే డబుల్ సైడ్ టేప్ వాడతారు. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ కూడా వద్దు, ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రేకుని తింటుంది.

బీడింగ్ మొత్తం తీసి మళ్లీ అతికించండి. తీసే ముందు దాని పై అంచు వెంబడి మాస్కింగ్ టేప్ అతికించి గుర్తు పెట్టుకోండి, లేకపోతే తర్వాత వంకరగా వస్తుంది, అది రోజూ కంట్లో నలుసులా కనబడుతుంది. హెయిర్ డ్రైయర్‌తో వేడి చేసి, చేపలు పట్టే నైలాన్ దారాన్ని వెనక నుంచి రంపంలా అటూ ఇటూ లాగితే టేపు తెగుతుంది. రేకు మీద మిగిలిన జిగురు, బీడింగ్ వెనక ఉన్న పాత గ్లూ పూర్తిగా తీసేయాలి, ఈ పనికే ఎక్కువ సేపు పడుతుంది, విసుగొస్తుంది, అయినా ఇక్కడ కక్కుర్తి పడితే మళ్లీ ఊడుతుంది. చివర్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్, నీళ్లు సగం సగం కలిపి తుడవండి. బయటి వస్తువులకు వాడే యాక్రిలిక్ ఫోమ్ టేప్, పాతది ఎంత మందం ఉందో అంతే మందంది తీసుకోండి. కొన్ని ప్లాస్టిక్‌లకు టేప్ సరిగా అంటదు, వాటికి అడ్హిషన్ ప్రమోటర్ అనే ద్రావణం ముందు పూయాలి. రేకు మరీ చల్లగా ఉన్నప్పుడు అతికించొద్దు, 21 నుంచి 38 డిగ్రీల మధ్య టేప్ బాగా పట్టుకుంటుంది. గట్టిగా నొక్కాక 20 నిమిషాల్లో సగం పట్టు వస్తుంది, ఒక రోజుకి 90 శాతం, పూర్తి పట్టుకి 72 గంటలు. ఆ మూడు రోజులూ కారు కడగొద్దు. అన్నట్టు, కొన్ని బీడింగ్‌లకు టేప్‌తో పాటు క్లిప్పులు కూడా ఉంటాయి, దారం ఎక్కడైనా ఆగిపోతే బలవంతం చేయకుండా అక్కడ క్లిప్పు ఉందేమో చూడండి.

ప్రశ్న: తలుపుల కింద ఉండే నల్ల ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయింది. డీజిల్‌తో తుడిస్తే కొత్తదానిలా అవుతుందని ఒకాయన చెప్పారు. నిజమేనా?

జవాబు: ఆ పూటకి నల్లగా అవుతుంది, అంతే. డీజిల్ పక్కనున్న రబ్బరుని ఉబ్బించి పాడు చేస్తుంది, ఆ జిడ్డుకి దుమ్ము కూడా పట్టుకుంటుంది. దయచేసి వద్దు. ముందు బ్రష్, క్లీనర్ పెట్టి బాగా కడిగి చూడండి, కొన్నిసార్లు ఆ తెలుపు పాత వ్యాక్స్ మరకే అయి ఉంటుంది. నిజంగా ఎండకి పైపొర పాడైతే ప్లాస్టిక్‌లోకి ఇంకే రంగు ఉన్న ట్రిమ్ రిస్టోరర్ గానీ కోటింగ్ గానీ వాడండి, నూనెలాంటి డ్రెస్సింగ్‌లు నాలుగు వానలకే కొట్టుకుపోతాయి. హీట్ గన్‌తో వేడి చేస్తే నలుపు తిరిగి వస్తుందంటారు, వస్తుంది కూడా, కానీ కొన్నాళ్లకు మళ్లీ పాలిపోతుంది, ఒక్క క్షణం ఎక్కువ పెడితే ప్లాస్టిక్ వంగిపోతుంది. అద్దాల మధ్య నున్నటి పిల్లర్ ముక్క అయితే 400, ఆపైన 600 నంబర్ పేపర్‌తో రుద్ది, అడ్హిషన్ ప్రమోటర్ పూసి, మెరుపు తక్కువుండే నల్ల స్ప్రే పలచగా మూడు నాలుగు పొరలు వేసుకోవచ్చు. గరుకు ప్లాస్టిక్‌కి మాత్రం రంగు వేయకండి, ఆ గరుకంతా పూడిపోయి అసహ్యంగా ఉంటుంది.

ప్రశ్న: అద్దాల చుట్టూ ఉన్న మెరిసే పట్టీ మీద పాలు ఒలికినట్టు తెల్ల మచ్చలు. మెటల్ పాలిష్ పెట్టి రుద్దాను, ఇంకా మచ్చలు మచ్చలుగా అయింది. ఎందుకని?

జవాబు: బహుశా అది అల్యూమినియం. దాని మీద కాపాడే పొర ఒకటి ఉంటుంది, ఘాటైన క్షారం ఉన్న కార్ వాష్ ద్రవాలు తగిలితే అది పాడై అలా తెల్లబడుతుంది. పాలిష్‌తో రుద్దేసరికి ఆ పొర అక్కడక్కడా లేచిపోయి ఉంటుంది. ముందు ఓ చిన్న అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే స్టీలు, మెటల్ పాలిష్‌కి చక్కగా మెరుస్తుంది. అంటుకోనంత మాత్రాన అల్యూమినియమే అనుకోవద్దు, అయస్కాంతానికి అంటని స్టీలూ ఉంది. గోటితో కొడితే డొల్లగా, చప్పగా మోగితే క్రోమ్ పూసిన ప్లాస్టిక్, దాని పూత ఉబ్బడం మొదలైతే పాలిష్ ఏమీ చేయలేదు. అల్యూమినియం అయితే ఇక రుద్దడం ఆపండి. ముక్క మార్చండి, లేదా శుభ్రంగా కడిగి ఆరబెట్టి నల్ల వినైల్, అంటే స్టిక్కర్‌లా అతికే పలచటి ప్లాస్టిక్ పొర, చుట్టించండి. ప్లాస్టిక్ మీద పూత లేచి ఉంటే అంచులన్నీ నున్నగా రుద్దాకే వినైల్ వేయించాలి, లేచిన ప్రతి అంచూ పై నుంచి స్పష్టంగా కనబడుతుంది.