వరిగడ్డి చదువులో తిండి ఉందా?

ప్రశ్న: మాది కోవూరు దగ్గర పల్లె. సొంతం మూడెకరాలు, కౌలు నాలుగెకరాలు, అంతా వరే. పాప నెల్లూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది. గడ్డి నుంచి, చెట్ల వ్యర్థాల నుంచి ఇంధనం తీసే పరిశోధన చేస్తానని పట్టుబట్టింది. మా బావ ఒకప్పుడు ఇలాగే డీజిల్ చెట్టని అడవి ఆముదం వేసి, మూడేళ్ళు చూసి పీకేశాడు. హైదరాబాద్‌లో కంప్యూటర్ కోర్సు చేయిస్తే ఏడాదిలో ఉద్యోగం అంటున్నారు, ఈ నెలాఖరుకు ఫీజు కట్టాలి. ఆ పరిశోధనలో తిండి ఉందా సార్? ఆడపిల్ల, ఎన్నేళ్ళు చదవాలి?

జవాబు: తిండి ఉంది. కాకపోతే మీ పాప ఏ పేరుతో చదువుతుందన్న దాన్నిబట్టి కాదు, చేతికి ఏ పని నేర్చుకుంటుందన్న దాన్నిబట్టి ఉంది. ముందు మీ బావగారి సంగతి మాట్లాడతాను, మీ భయమంతా అక్కడే ఉంది కాబట్టి.

2003లో ప్రణాళికా సంఘం కమిటీ అడవి ఆముదాన్ని, అదే జట్రోఫాను, దేశమంతా పెద్ద ఎత్తున వేయాలని సిఫారసు చేసింది. బీడులో నీళ్ళు లేకపోయినా బతుకుతుంది, మేక కూడా ముట్టదు అన్నారు. రెండూ నిజమే. బతికింది, కాయ కాయలేదు. నీళ్ళు, ఎరువు లేకుండా నూనెకు సరిపడా గింజ రాదని, మేలురకం విత్తనమే ఇంకా తయారు కాలేదని రైతు నాటాక తెలిసింది. పండిన కాసిన్ని గింజలు కొనేవాళ్ళూ సరిగా లేరు. పదేళ్ళు ప్రయోగ క్షేత్రంలో తేల్చాల్సిన విషయాన్ని తిన్నగా రైతు పొలంలో తేల్చారు. మీ బావగారి నష్టం పరిశోధన వల్ల వచ్చింది కాదండీ, పరిశోధన జరగనందువల్ల వచ్చింది. మీ పాప చేస్తానంటున్నది ఆ తేల్చే పనే.

ఇక గడ్డి. మీరు పండించే వడ్లలో ఉన్నదీ చక్కెర గొలుసే, గడ్డిలో ఉన్నదీ చక్కెర గొలుసే. బియ్యం మనకు అరుగుతుంది, గడ్డి అరగదు. గడ్డిలోని సెల్యులోజ్ గొలుసులు ఒకదానికొకటి బిగుతుగా అతుక్కుని ఉంటాయి, వాటి చుట్టూ హెమీసెల్యులోజ్ అనే మరో రకం చక్కెర గొలుసు అల్లుకుని ఉంటుంది, ఆ రెంటినీ లిగ్నిన్ అనే పదార్థం ఇటుకల మధ్య సిమెంటులా పట్టేస్తుంది. గేదె కూడా సొంతంగా అరిగించుకోలేదు. దాని పొట్టలోని సూక్ష్మజీవులు ఆ పని చేసి పెడతాయి, అది నెమరు వేసి వాటికి సాయం చేస్తుంది. అయినా మొత్తం అరగదు. పేడను నీళ్ళలో కలిపి గుడ్డలో వడకట్టి చూడండి, పీచు మిగులుతుంది. లిగ్నిన్ గట్టిగా పట్టేసిన భాగం అది. గడ్డి నుంచి ఎథనాల్, అంటే ఇంధనంగా వాడే సారాయి, తీసేవాళ్ళ తిప్పలన్నీ ఆ పీచు దగ్గరే. చక్కెర చేతికొచ్చాక దాన్ని సారాయి చేయడం మన ఊళ్ళలో ఎవరికీ కొత్త కాదు. గడ్డి నుంచి ఆ చక్కెరను చవగ్గా విడదీయడమే ఇంకా పూర్తిగా తెగని పని.

దీన్ని మీరు చేసే ఉంటారు, పేరు వేరు. పశువుల డాక్టర్లు వరిగడ్డిని సుపోషకం చేయమని చెబుతారు కదా. వంద కిలోల గడ్డికి నాలుగు కిలోల యూరియా నీళ్ళలో కరిగించి చల్లి, పట్టా కప్పి గాలి చొరకుండా మూడు వారాలు ఉంచడం. పట్టా తీయగానే ముక్కులు బద్దలయ్యే ఘాటు వస్తుంది. యూరియా అమ్మోనియాగా మారిన వాసన అది. ఆ అమ్మోనియా గడ్డిలోని లిగ్నిన్ పట్టును సడలిస్తుంది, అందుకే గేదెకు బాగా అరుగుతుంది. ప్రయోగశాలల్లో ప్రీట్రీట్‌మెంట్ అనేది ఇదే. వాళ్ళు మూడు వారాలు ఆగలేరు కాబట్టి అమ్మోనియాను ఒత్తిడితో ఎక్కిస్తారు, లేదా పలచటి ఆమ్లంలో ఉడికిస్తారు, లేదా ఆవిరితో ఉబ్బించి ఒక్కసారిగా ఒత్తిడి వదులుతారు. మీ పాపకు ఈ సంగతి చెప్పండి. కాలేజీలో పుస్తకంలో చదివేది పశువుల కొట్టంలో చూసినదేనని తెలిస్తే, ఆ పాఠం జన్మలో మరిచిపోదు.

ఆ తర్వాత పని ఎంజైములది, అంటే ఆ గొలుసులను ముక్కలుగా కోసే ప్రొటీన్లది. రెండో ప్రపంచయుద్ధంలో సాలమన్ దీవుల్లో అమెరికా సైన్యం గుడారాలు, బట్టలు బూజు పట్టి చివికిపోయేవి. నూలును అంతలా తినేస్తున్నదేమిటని చూస్తే ట్రైకోడెర్మా జాతి బూజు ఒకటి దొరికింది. నూలంటే దాదాపు శుద్ధ సెల్యులోజే. శత్రువనుకున్న ఆ బూజు సంతతినే ఇవాళ పెద్ద పెద్ద తొట్లలో పెంచి, సెల్యులోజ్‌ను చక్కెరగా కోసే ఎంజైములు తీస్తున్నారు. ఎడగారు కోతప్పుడు వాన తగిలి మీ వామి అడుగున పట్టే బూజును చూసి మీరు తిట్టుకుంటారు. మీ పాప దాన్ని గాజు పలకమీద పెట్టి చూడాలనుకుంటోంది. ఆ కుతూహలం నిజమైనదైతే దాన్ని ఆపకండి.

మరి ఉద్యోగాల పరిస్థితి? దాచకుండా చెబుతాను. ఇప్పుడు పెట్రోలులో 20 శాతం ఎథనాల్ కలుపుతున్నారు. అది దాదాపు అంతా చెరకు, మొక్కజొన్న, బియ్యం నుంచి వచ్చిందే. గడ్డి వాటా చాలా చిన్నది. 2022 ఆగస్టులో పానిపట్టులో ఇండియన్ ఆయిల్ పెట్టిన కర్మాగారం లెక్క ఏడాదికి 2 లక్షల టన్నుల వరిగడ్డి, 3 కోట్ల లీటర్ల ఎథనాల్. అంటే టన్నుకు 150 లీటర్లు. మీ ఎకరంలో రెండు టన్నుల గడ్డి వస్తుందనుకుంటే 300 లీటర్లు. వినడానికి బాగుంది. కానీ ఈ దారిలో పెద్దవాళ్ళే దెబ్బతిన్నారు. అమెరికాలోని అయోవాలో డూపాంట్ కంపెనీ మొక్కజొన్న చొప్ప నుంచి ఎథనాల్ తీసే కర్మాగారాన్ని 2015లో తెరిచి, రెండేళ్ళకే మూసేసింది. రొమేనియాలో క్లారియంట్ కంపెనీ గోధుమ గడ్డితో నడిచే కర్మాగారాన్ని 2021లో కట్టి, 2023లో ఆపేసింది. గడ్డిని సేకరించడం, తడవకుండా దాచడం, మట్టీ ఇసుకా లేకుండా యంత్రంలోకి పంపడం ఈ రంగంలో ఎప్పుడూ తేలిక కాలేదు. మన వరిగడ్డిలో సిలికా, అంటే ఇసుకలో ఉండే పదార్థమే, మరీ ఎక్కువ. మోపు కట్టేటప్పుడు అరచేయి కోసుకుపోయేది దానివల్లే, యంత్రం బ్లేడ్లను అరగదీసేదీ అదే.

అయోవాలో డూపాంట్ మూసిన చోటును వెర్బియో అనే జర్మన్ కంపెనీ కొని, అదే చొప్ప నుంచి గ్యాస్ తీయడం మొదలుపెట్టింది. గాలి తగలని తొట్టిలో సూక్ష్మజీవుల చేత తినిపించి మీథేన్ తీయడం అన్నమాట, మన గోబర్ గ్యాస్‌కు పెద్దన్న. మన వైపు కూడా గాలి అటే తిరిగింది. 2025 ఏప్రిల్‌లో కనిగిరి దగ్గర పీసీపల్లి మండలం దివాకరపల్లిలో రిలయన్స్ సంస్థ బయోగ్యాస్ ప్లాంటుకు శంకుస్థాపన చేసింది. నేపియర్ గడ్డితో నడపాలన్నది ఆలోచన. ఎథనాలా, గ్యాసా, విమానాల ఇంధనమా, రేపు ఏది నిలబడుతుందో దానిమీద మీ పాప జీవితాన్ని పందెం కట్టనక్కర్లేదు. ఎథనాల్‌కూ గ్యాస్‌కూ కావలసిన పనితనం ఒకటే. సూక్ష్మజీవిని పెంచడం, తొట్టిని నడపడం, లోపల ఏం జరుగుతోందో కొలవడం. ఆ పనితనం ఉన్నవాళ్ళను మందుల కంపెనీలు, టీకాల కంపెనీలు, ఎంజైముల కంపెనీలు కూడా తీసుకుంటాయి. కాకినాడ దగ్గర పెన్సిలిన్ తయారుచేసే కర్మాగారంలో జరిగేదీ తొట్లలో బూజును పెంచే పనే.

అందుకే కోర్సు పేరులో ‘బయోఫ్యూయల్’, ‘గ్రీన్ ఎనర్జీ’ ఉందని చేరొద్దు. కొన్నేళ్ళ కిందట ఒంగోలు కుర్రాడొకడికి పునరుత్పాదక శక్తి పేరు చూసి ఒక ప్రైవేటు కాలేజీ పీజీ కోర్సు నేనే సూచించాను. రెండేళ్ళు చదివి వచ్చాక నా ఎదురుగా కూర్చుని, ‘సార్, ఫెర్మెంటర్‌ను ఫొటోలో తప్ప చూడలేదు’ అన్నాడు. ఫెర్మెంటర్ అంటే సూక్ష్మజీవులను పెంచే ఆ తొట్టే. వాళ్ళ నాన్న పొగాకు అమ్మిన డబ్బు అది. అప్పట్నుంచి ల్యాబ్ కళ్ళారా చూడకుండా, అక్కడ చదివేవాళ్ళతో మాట్లాడకుండా ఎవరికీ ఏ కాలేజీ పేరూ చెప్పడం లేదు.

ఇక్కడినుంచి పాపతోనే మాట్లాడతాను, చదివి వినిపించండి.

అమ్మా, నీకు ఇంకా ఏడాదిన్నర టైముంది. ఎమ్మెస్సీకి ఐఐటీ జామ్‌లో బయోటెక్నాలజీ పేపరు రాయి. కేంద్ర బయోటెక్నాలజీ విభాగం సాయంతో నడిచే కోర్సులకు గ్యాట్-బి రాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ఉంది, మన రాష్ట్రంలో చేరాలంటే పీజీసెట్ ఉంది. కెమిస్ట్రీని చిన్నచూపు చూడకు, లెక్కలకు భయపడకు. ఈ రంగంలో బయాలజీ మాత్రమే వచ్చినవాళ్ళు సగం దారిలో ఆగిపోతున్నారు, ఎందుకంటే కర్మాగారం కట్టేది కెమికల్ ఇంజనీర్లు, వాళ్ళ భాష నీకు రావాలి. మూడు సైన్స్ అకాడమీలు కలిసి వేసవిలో రెండు నెలల పరిశోధన ఫెలోషిప్ ఇస్తాయి, దానికి తప్పకుండా దరఖాస్తు పెట్టు. ఆ రెండు నెలల్లో నీకే తెలుస్తుంది, ఈ పని నీకు పడుతుందో లేదో. ఒకే ప్రయోగం పదిసార్లు చెడితే పదకొండోసారి చేయబుద్ధి అవుతుందా? కాకపోతే ఎమ్మెస్సీతో ఆగి కంపెనీలో చేరొచ్చు, అందులో చిన్నతనమేమీ లేదు.

పరిశోధన ఎక్కడ జరుగుతోందో కూడా తెలుసుకో. ముంబైలో రసాయన సాంకేతిక సంస్థ (ఐసీటీ)లోని శక్తి జీవశాస్త్ర కేంద్రం, డెహ్రాడూన్‌లో భారత పెట్రోలియం సంస్థ, కపుర్తలాలో జాతీయ జీవశక్తి సంస్థ, హైదరాబాద్‌లో భారత రసాయన సాంకేతిక సంస్థ (ఐఐసీటీ). 2018 ఆగస్టులో డెహ్రాడూన్ నుంచి ఢిల్లీకి ఒక విమానం కొంత జీవ ఇంధనంతో ఎగిరింది. ఆ ఇంధనం చేసింది డెహ్రాడూన్ సంస్థవాళ్ళే, మీ మామయ్య పీకేసిన అడవి ఆముదం నూనెతోనే. ఆయనకు చెప్పు, సంతోషిస్తారు. చక్కెరను సారాయిగా పులియబెట్టే మామూలు ఈస్టుకు హెమీసెల్యులోజ్ నుంచి వచ్చే జైలోజ్ అనే చక్కెర పులియబెట్టడం రాదు. దానికి ఆ విద్య నేర్పే పని ఇంకా నడుస్తోంది. నేనైతే నిన్ను అటువైపు చూడమంటాను.

అయ్యా, మళ్ళీ మీతో. ఎమ్మెస్సీ రెండేళ్ళు, పీహెచ్‌డీ సుమారు ఐదేళ్ళు. పాపకు ఇరవై ఏడో, ఇరవై ఎనిమిదో వస్తాయి. కానీ పీహెచ్‌డీ కాలంలో మీ చేతి డబ్బు పడదు. సీఎస్ఐఆర్ నెట్ అనే జాతీయ పరీక్షలో జేఆర్ఎఫ్, అంటే పరిశోధన ఫెలోషిప్, తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000, తర్వాత 42,000 రూపాయలు, ఇంటి అద్దె అలవెన్సు వేరే. జేఆర్ఎఫ్ రావడం కష్టం, రాకపోతే ప్రాజెక్టుల్లో తక్కువ జీతానికి పనిచేస్తూ మళ్ళీ రాయాలి. ఆ మాట ముందే అనుకోండి. పెళ్ళి సంగతి మీ ఇంటి విషయం, నేను చెప్పేదొక్కటే. పీహెచ్‌డీ చేస్తూ పెళ్ళి చేసుకున్న అమ్మాయిలు చాలామంది ఉన్నారు, కుర్రాడితో ఆ మాట ముందే మాట్లాడుకున్నవాళ్ళు చదువు పూర్తి చేశారు.

కంప్యూటర్ కోర్సుకు ఈ నెలాఖరున ఫీజు కట్టకండి. పాపకు పైథాన్ అనే కంప్యూటర్ భాష కొంచెం వస్తే మంచిదే, ప్రయోగాల లెక్కలకు పనికొస్తుంది. దాన్ని ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకోవచ్చు. డిగ్రీ మధ్యలో పక్కకు లాగితే రెండూ చెడతాయి.

ఈ కోత దగ్గర ఒక పని చేయించండి. మిషన్ కోసిన రోజు గడ్డి, వారం ఎండినది, వానకు తడిసినది, మూడు రకాలూ వంద గ్రాముల చొప్పున కవర్లలో కట్టి కాలేజీకి తీసుకెళ్ళమనండి. ల్యాబ్ ఓవెన్‌లో 105 డిగ్రీల దగ్గర బరువు తగ్గడం ఆగేదాకా ఆరబెట్టి తూచితే తేమ తెలుస్తుంది. మఫిల్ ఫర్నేస్, అంటే ల్యాబ్‌లో వాడే కొలిమి, ఉంటే కాల్చి బూడిద కూడా తూచమనండి. ఏ పొలం, ఏ రకం వరి, ఏ తేదీ, ఎన్నాళ్ళు ఎండింది, అన్నీ ఒక నోటుబుక్కులో రాసుకోవాలి. ఏ పొలంలో గడ్డి ఎప్పుడు తడిసిందో మీకంటే బాగా చెప్పగలిగేవాళ్ళు లేరు కాబట్టి ఆ కాలమ్ మీరే నింపండి. రేపు ఎమ్మెస్సీ ఇంటర్వ్యూకు సర్టిఫికెట్లతో పాటు ఆ పుస్తకాన్నీ సంచిలో పెట్టి పంపండి.